వేరు కుంపటి, ఉమ్మడి యాంటెన్నా

చిన్న శిక్షణ విమానంలో కూర్చుంటే ఎదురుగా ప్యానెల్‌లో ఒకదాని కింద ఒకటి రెండు రేడియోలు కనిపిస్తాయి. మొదటిది మూగబోతే రెండోది ఉందని పైలట్‌కు ధైర్యం. నా ఉద్యోగమంతా ఆ ప్యానెళ్ల వెనక వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, తీగలు సరిచెయ్యటంలోనే గడిచింది. అందువల్ల ఆ ధైర్యం వెనకవైపు నుంచి ఎట్లా కనిపిస్తుందో నాకు తెలుసు. ముందు నుంచి చూస్తే రేడియోలు రెండు. వెనక నుంచి చూస్తే రెండింటికీ కరెంటు ఒక్క చోటి నుంచే వస్తుంది. ఒక ఆల్టర్నేటర్, ఒక బ్యాటరీ, పాత విమానాల్లో అయితే ఆ కరెంటును పంచిపెట్టే రాగి పట్టీ కూడా ఒక్కటే. ఆల్టర్నేటర్ బెల్టు తెగితే బ్యాటరీ కాసేపు మోస్తుంది. అదీ ఖాళీ అయ్యాక రెండు రేడియోలూ కలిసే పోతాయి. వాటితోపాటు, రాడార్‌కు విమానం గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్ కూడా పోతుంది. రేడియో చెడిపోయిన పైలట్ ట్రాన్స్‌పాండర్‌లో 7600 అన్న అంకె పెడితే రాడార్ దగ్గర కూర్చున్నవాళ్లకు సంగతి తెలుస్తుందని పాఠాల్లో చెబుతారు. కరెంటే లేనప్పుడు ఆ అంకె చూపించే దారి కూడా మూసుకుపోతుంది.

లెక్కకు రెండు, కష్టానికి ఒకటే. ఇది రేడియోలకే పరిమితమైన సంగతి కాదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. కానీ మొదట రేడియో సంగతే చెబుతాను. అది నాకు చేతితో తెలిసిన విషయం.

మాది నాట్రంపల్లి. వాణియంబాడి దాటి కృష్ణగిరి వైపు పోయే పెద్ద రోడ్డు పక్కన ఉంటుంది. ఒకప్పుడు వేలూరు జిల్లా, 2019 నుంచి తిరుపత్తూరు జిల్లా. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. ఏలగిరి కొండ మాకు ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది. చెన్నైకీ బెంగళూరుకీ మధ్య తిరిగే విమానాలు మా నెత్తిమీదుగా పోతుంటాయి. వేలూరులో ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడల్లా మిద్దెమీద పడుకుని వాటిని చూస్తూ నన్ను ప్రశ్నలు అడుగుతుంటాడు. ఒకరోజు అడిగాడు.

"మామా, రెండు రేడియోలు ఉండంగా పైలట్లు సంచిలో ఇంకొకటి దేనికి పెట్టుకుంటారు?"

"ఆ రెండిటికీ బ్యాటరీ ఒకటే గదా రా. సంచిలో దానికి దాని బ్యాటరీ దానికి ఉండాది."

"అట్లయితే ఇంకేం, తీరిపాయె గదా."

"తీరలేదు. దాంట్లో మాట్లాడతాడు సరే, అది ఎవరికి వినపడల్ల?"

వాడు లేచి కూర్చున్నాడు. ఆ రాత్రి మా మాటలు చాలాసేపు సాగాయి. ఈ వ్యాసం చాలావరకు ఆ మాటలే.

విమానయానానికి కేటాయించిన మాటల బ్యాండ్ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు. ఈ బ్యాండ్‌లో పనిచేసే చేతి రేడియో, ప్రసారం చేసేటప్పుడు మామూలుగా ఒకటిన్నర వాట్ల శక్తిని గాలిలోకి వదులుతుంది. అమ్మేవాళ్లు పెట్టె మీద 5 అనో 6 అనో రాస్తారు. అది గొంతు పెంచిన క్షణంలో అందే శిఖరం లెక్క. ప్యానెల్‌లోని రేడియోది మొదటి కొలతలో ఎనిమిది, పది వాట్లు. ఈ తేడా చూసి చేతి రేడియోను చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు. నేను చూడను. విమానం పైన ఉంది. భూమికి 900 మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి ఈ తరంగాల క్షితిజం 120 కిలోమీటర్ల అవతల ఉంటుంది. మధ్యలో కొండ అడ్డం లేకపోతే, ఆ మేర దాదాపు అంతటా వినిపించటానికి ఒకటిన్నర వాట్లు చాలు. మనం పడక గదిలో రాత్రిపూట వెలిగించే చిన్న బల్బుకన్నా తక్కువ శక్తి అది. కొరత వాట్లది కాదు. ఆ వాట్లు బయటికి పోయే దారిది.

నేను పనిచేసిన ఒక శిక్షణ సంస్థలో జరిగిన సంగతి చెబుతాను. దూరపు అభ్యాసం ముగించుకుని ఒక విమానం తిరిగి వస్తోంది. లోపల శిక్షకుడు, విద్యార్థి. దారిలో ఆల్టర్నేటర్ దీపం వెలిగింది. అవసరం లేనివన్నీ కట్టేశారు, ఒక్క రేడియో ఉంచుకున్నారు. చివరికి అదీ సన్నగిల్లి ఆగిపోయింది. శిక్షకుడు సంచిలోంచి చేతి రేడియో తీశాడు. నిండా చార్జి ఉంది. ఫ్రీక్వెన్సీ పెట్టి పిలిచాడు. టవర్‌లో ఉన్నవాళ్లకు ఏదో బుస వినిపించింది, మధ్యలో తెగిన మాట, మళ్లీ బుస. విమానం ఒక పక్కకు తిరిగినప్పుడు రెండు ముక్కలు తెలిశాయి, ఇంకో పక్కకు తిరిగేసరికి అవీ పోయాయి. లోపల వాళ్లకేమో ఇంజను హోరులో ఆ చిన్న స్పీకర్ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరకు మైదానం చుట్టూ తిరిగి, టవర్‌లోంచి వేసిన స్థిరమైన పచ్చ దీపం చూసి, రెక్కలూపి, క్షేమంగా దిగారు. చాలా పాతది ఆ దీపాల భాష. విద్యార్థులు దాన్ని పరీక్షకోసం కంఠస్థం చేసి మరిచిపోతారు. ఆ రోజు అదే దింపింది.

మర్నాడు ఆ చేతి రేడియో నా బల్లమీదికి వచ్చింది. కొలిచి చూశాను. శక్తి నిండుగా ఉంది. వినికిడి పదునుగా ఉంది. దానిలో చూపించటానికి ఒక్క లోపం దొరకలేదు. లోపమంతా అది ఉన్న చోటులో ఉంది. విమానం అంటే అల్యూమినియం డబ్బా. తరంగం లోహాన్ని దాటి పోలేదు. 125 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.4 మీటర్లు. కిటికీలు దానికి ఇరుకు సందులు. రేడియో నెత్తిన ఉండే జానెడు రబ్బరు యాంటెన్నా ఆ తరంగానికి కావలసిన పొడవులో ఉండదు, జేబులో పట్టటానికి కుదించి చుట్టినది. ఉన్న ఒకటిన్నర వాట్లలో చాలా భాగం ఆ కురచ యాంటెన్నాలోనే ఖర్చయిపోతుంది, మిగిలినది లోహపు గోడలకు కొట్టుకుంటుంది, ఏ కొంచెమో కిటికీల గుండా జారుతుంది. అదీ కిటికీ ఎటు తిరిగితే అటు. అందుకే ఆ విమానం మలుపు తిరిగినప్పుడల్లా గొంతు వచ్చి పోయింది.

జోలార్‌పేట మాకు పక్కనే. ఆ జంక్షన్‌లో రైళ్లను చూసేవాళ్లు ఎవరైనా ఈ సంగతి గమనించవచ్చు. గార్డు చేతిలో 5 వాట్ల వాకీటాకీ ఉంటుంది. స్టేషన్‌లో 25 వాట్ల సెట్టు ఉంటుంది, దాని యాంటెన్నా మాత్రం స్టేషన్ కప్పుమీద ఎత్తైన గొట్టానికి కట్టి ఉంటుంది. ఆ స్టేషన్ గొంతు దూరం పోవటంలో వాట్ల వాటా ఎంతో, ఆ గొట్టం వాటా అంతకు తక్కువ కాదు. బ్రేక్ వ్యాన్‌లోంచి మాట్లాడేటప్పుడు గార్డు వాకీటాకీ పట్టుకుని తలుపు దగ్గరికి వస్తాడు. ఆయనకు ఎవరూ తరంగాల పాఠం చెప్పి ఉండకపోవచ్చు. ఇనుప పెట్టెలో మాట ఇనుప పెట్టెలోనే ఉంటుందని అనుభవం చెప్పింది. విమానంలో తలుపు తీసి నిలబడే వీలు లేదు. మనిషి బయటికి పోలేడు కాబట్టి మాటను బయటికి పంపాలి. అందుకు విమానం వీపున ముందే నిలబెట్టిన కడ్డీలు ఉన్నాయి. అవి ప్యానెల్ రేడియోల యాంటెన్నాలు. కరెంటు పోయినా వాటికి ఏమీ కాదు.

నేను చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. యాంటెన్నాకు కరెంటు అక్కరలేదు. కదిలే భాగం లేదు. వేడెక్కదు, వట్టిపోదు. రేడియోలు చచ్చిపోయినా వాటి యాంటెన్నా బతికే ఉంటుంది, పని లేకుండా నిలబడి ఉంటుంది. చేతి రేడియోకు లేనిది సరిగ్గా అదే. ఒకదానికి ప్రాణం ఉండి దారి లేదు. ఇంకొకదానికి దారి ఉండి ప్రాణం లేదు. ఆ రెండింటినీ కలిపే మూరెడు తీగ ఎవరూ ముందుగా వేసి ఉంచలేదు. ఆ రోజు విమానంలో తక్కువైంది ఆ తీగ.

ఆపత్కాలపు ఏర్పాటు అనగానే మనకు పూర్తిగా వేరుగా ఉండాలన్న ఆలోచన వస్తుంది. అది సగం నిజం. ఏది చెడిపోయే స్వభావం కలదో అది వేరుగా ఉండాలి. ఏది చెడదో అది ఉమ్మడిగా ఉంటేనే మేలు. పాలారు నది పొడుగునా మా పల్లెల్లో అన్నదమ్ములు భాగాలు పంచుకున్న తీరు ఇదే. కుంపట్లు వేరు పడ్డాయి, చేలు వేరు పడ్డాయి, ఎద్దులు వేరు పడ్డాయి. బావి మాత్రం ఉమ్మడి. నీళ్లు పడిన చోటు ఒకటే అయినప్పుడు దాన్ని పగలగొట్టి పంచుకోలేరు, వంతులు పెట్టుకుంటారు. అన్నకు రెండు రోజులు, తమ్ముడికి రెండు రోజులు. ఒకరి మోటారు తిరిగేటప్పుడు రెండోది తిరగకూడదు. తిరిగితే నీళ్లు అడుగంటి రెండూ గాలి పీలుస్తాయి. విమానంలో చేతి రేడియోకు యాంటెన్నా ఇవ్వటం అచ్చంగా ఈ బావి ఒప్పందమే, వంతు నియమంతో సహా.

ఆ వంతు ఎందుకంత ముఖ్యమో తెలియక కొందరు ఒక పొరపాటు ఏర్పాటు చేస్తారు. ప్యానెల్ రేడియో నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్‌ను మధ్యలో కోసి, మూడు దారుల టీ ముక్క పెట్టి, మూడో దారిలో చేతి రేడియో తగిలిస్తారు. రెండూ ఎప్పుడూ తగిలి ఉంటాయి కదా, ఇంకేం కావాలి అన్నట్టు. ప్యానెల్ రేడియో ఒక్కసారి ప్రసారం చేసిందంటే, దాని పది వాట్లలో పెద్ద భాగం సూటిగా చేతి రేడియో చెవిలోకి పోతుంది. మైక్రోవాట్లలో కూడా చెప్పలేనంత సన్నని సంకేతాన్ని వినటానికి కట్టిన చెవి అది. కాలిపోతుంది. చేతి రేడియో ప్రసారం చేసినా ఇదే అనర్థం అటువైపు జరుగుతుంది. పైగా 50 ఓములకు అమర్చిన తీగలో ఒకేసారి రెండు రేడియోలు కూర్చుంటే లెక్క చెడి శక్తి వెనక్కి తిరిగి వస్తుంది. ఉమ్మడి అంటే వంతులవారీగా అని, ఒకేసారి అని ఎన్నడూ కాదు.

సరైన పద్ధతులు రెండు నాకు నచ్చినవి ఉన్నాయి. ఒకటి, రెండో ప్యానెల్ రేడియో యాంటెన్నా కేబుల్‌ను పైలట్ చెయ్యి అందే చోటుకు, ప్యానెల్ అంచు కిందికి తెచ్చి, అక్కడ ఒక బీఎన్‌సీ కనెక్టర్ల జోడు పెట్టటం. మామూలు రోజుల్లో ఆ జోడు కలిసి ఉంటుంది, రెండో రేడియో తన యాంటెన్నాతో తాను పనిచేస్తుంది. ఆపదలో పైలట్ చెయ్యి చాచి జోడు విడదీసి, యాంటెన్నా వైపు కొసను చేతి రేడియోకు తగిలిస్తాడు. బీఎన్‌సీకి పావు మలుపు చాలు, చీకట్లో వేలితో తడిమి పెట్టవచ్చు. రెండో పద్ధతి, ప్యానెల్ మీద ఒక జాక్ అమర్చటం. దానిలో ప్లగ్గు గుచ్చగానే లోపలి స్పర్శ విడిపోయి ప్యానెల్ రేడియో తనంతట తానే తప్పుకుంటుంది, యాంటెన్నా చేతి రేడియోకు వస్తుంది. చూడటానికి ఇది ముచ్చటగా ఉంటుంది, పైలట్‌కు పని తక్కువ. అయినా నేను మొదటిదానివైపే మొగ్గుతాను. జాక్ లోపలి స్పర్శ ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుని కిలుం పడుతుంది, పట్టిన సంగతి బయటికి కనపడదు. బీఎన్‌సీ జోడును విప్పి చూడవచ్చు, తుడవవచ్చు, మళ్లీ బిగించవచ్చు. అయితే ప్రతి జోడూ మామూలు రోజుల్లో రెండో రేడియో దారిలో ఒక అతుకే. నాసిగా వేస్తే, ఆపదకోసం పెట్టినదే నిత్యం ఇబ్బంది పెడుతుంది. అందుకే మధ్య సూది సరిగా కూర్చుందా, బయటి తీగల జడ సరిగా నొక్కారా అని చూడటానికి నేను ఎంత సమయమైనా తీసుకుంటాను.

కేబుల్ విషయంలో పొదుపు చెయ్యకూడదు. పాత ఆర్‌జీ-58 కేబుల్ లోపలి ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. వేడికి తట్టుకునే టెఫ్లాన్ ఉన్న ఆర్‌జీ-400 ఖరీదెక్కువ, కానీ మండినా పొగ తక్కువ, మనసుకు నిశ్చింత. కొన్ని చేతి రేడియోల నెత్తిన ఎస్ఎమ్ఏ అనే సన్న మరల కనెక్టర్ ఉంటుంది. వణికే చేతులతో ఆ సన్న మర ఎక్కించటం ఎవరివల్లా కాదు. బీఎన్‌సీకి మార్చే చిన్న ముక్కను హ్యాంగర్‌లోనే తగిలించి, ఇక తీయకుండా ఉంచాలి.

యాంటెన్నా కడ్డీ ఒక్కటే యాంటెన్నా కాదన్నది మా మేనల్లుడికి చాలా నచ్చిన విషయం. దాదాపు 60 సెంటీమీటర్ల ఆ కడ్డీ తరంగంలో పావు వంతు. తక్కిన పని దాని కింద పరుచుకున్న లోహపు తొడుగు చేస్తుంది. అల్యూమినియం విమానంలో ఆ తొడుగు ఉచితంగా దొరుకుతుంది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ తయారుచేసిన హంస మిశ్రమ పదార్థపు విమానం, 1993లో మొదటిసారి ఎగిరింది. అటువంటి ఫైబర్ విమానాల్లో, గుడ్డ చుట్టిన పాత విమానాల్లో కడ్డీ కింద రాగి రేకులో, అల్యూమినియం పట్టీలో పరిచి ఆ లోహపు తొడుగును మనమే కల్పించాలి. దానికి బదులుగా గ్లాస్ ఫైబర్ విమానంలో ఒక లాభం ఉంది. గోడలు తరంగాన్ని ఆపవు కనుక యాంటెన్నాను లోపలే దాచిపెట్టవచ్చు.

యాంటెన్నా కుదిరింది, మాట బయటికి పోయింది. పైలట్‌కు తిరిగి వచ్చే మాట వినపడాలి కదా. శిక్షణ విమానంలో ఇంజను రొద మధ్య చేతి రేడియో స్పీకర్‌ను చెవికి ఆనించినా లాభం లేదు. అందుకని హెడ్‌సెట్‌ను ఆ రేడియోకు కలిపే అడాప్టర్ ఒకటి, వేలితో నొక్కి మాట్లాడే మీట ఒకటి తప్పనిసరి. ఈ రెండూ సంచిలో అడుగున ఉంటే లేనట్టే. అడాప్టర్ రేడియోకే తగిలించి ఉండాలి. రేడియో ఎడమ కాలి దగ్గరో తలుపు జేబులోనో, బెల్టు విప్పకుండా అందే చోట ఉండాలి. దగ్గరి మైదానాల ఫ్రీక్వెన్సీలు, అత్యవసరానికి కేటాయించిన 121.5, ఒక కాగితం మీద రాసి రేడియో వీపుకు అంటించాలి. లిథియం బ్యాటరీని నెలకొకసారి చూసి చార్జి చెయ్యాలి. మామూలు పెన్సిల్ సెల్లులు వేసుకునే డబ్బీ దానితో ఇస్తే, ఆ సెల్లులు సీలు విప్పకుండా పక్కనే ఉంచాలి. నాకు ఇష్టమైన నియమం మాత్రం ఒకటుంది: ఈ ఏర్పాటుతో మొదటి మాట ఆపదలో మాట్లాడకూడదు. ఎండ కాసిన మంచి ఉదయం, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు, శిక్షకుడు పక్కన ఉండగా గాల్లోనే జోడు విప్పి, చేతి రేడియో తగిలించి, టవర్‌ను పిలిచి, "ఎట్లా వినిపిస్తున్నాను" అని అడగాలి. ఆ సంస్థలో ఒక విమానానికి ఇంజనీరు సంతకంతో ఈ జోడు అమర్చాక అదే చేశారు. ఏ పక్కకు తిరిగినా గొంతు తెగకుండా వచ్చిందని టవర్ నుంచి జవాబు వచ్చింది. మాకందరికీ ఆ రోజు కలిగిన సంతోషం పెద్ద ఇంజను మార్చినప్పుడు కూడా కలగలేదు.

ఇంతా విని మా వాడు, "మామా, ఇది విమానంలో ఉండేవాళ్లకే గదా" అన్నాడు. అప్పుడు వాడికి పోర్ట్‌బ్లెయిర్ సంగతి చెప్పాను.

2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ అనే హామ్, అంటే ఔత్సాహిక రేడియో నడిపే మనిషి, ఒక బృందంతో అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లారు. ఆ దీవుల నుంచి హామ్ ప్రసారాలకు చాలా ఏళ్లుగా అనుమతి లేదు. అందువల్ల ప్రపంచం నలుమూలల హామ్‌లు ఆ దీవుల నుంచి ఒక్క పలకరింపు కోసం ఎదురు చూస్తున్నారు. ఆమె హోటల్‌లో సెట్టు పెట్టుకుని వాళ్లతో మాట్లాడుతూ ఉన్నారు. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. తర్వాత సునామీ. టెలిఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. ఆమె సెట్టును భవనం బయటికి, హోటల్ ఆవరణలోకి తెచ్చి తిరిగి నిలబెట్టారు. తర్వాతి రోజుల్లో దీవుల్లో చిక్కుకున్నవాళ్లలో ఎంతోమంది క్షేమ సమాచారం ప్రధాన భూభాగంలోని బంధువులకు ఆ గొంతు ద్వారా చేరింది. ఆమె అక్కడికి పోయింది సరదా ప్రసారాలకు. ఆపద కోసం ఎవరూ పంపలేదు. కానీ హామ్‌ల అలవాటులోనే ఆపదకు కావలసినదంతా ఉంది. ఊరి కరెంటు మీద ఆధారపడని 12 వోల్టుల బ్యాటరీ, ఎక్కడికైనా మోసుకుపోగల సెట్టు, అన్నింటికన్నా ముందు, ఎక్కడ దిగినా మొదట యాంటెన్నా ఎక్కడ కట్టాలా అని చుట్టూ చూసే కన్ను. మా వైపు పైలట్ల దగ్గర రేడియో ఉంటుంది, ఆ కన్ను ఉండదు. హామ్‌ల దగ్గర ఆ కన్ను ఉంటుంది. రెండు వర్గాలూ ఒకే తరంగాల మీద బతికేవాళ్లే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

గాలిలో గొంతు ఆగిపోవటం నేలమీద ఉన్నవాళ్లకు ఎట్లా ఉంటుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ బేగంపేట నుంచి మా పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాకు బయలుదేరి, నల్లమల మీద ఉండగా సంబంధం తెగిపోయింది. ఆ పగలూ ఆ రాత్రీ, మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించేదాకా, రెండు రాష్ట్రాల సరిహద్దుల్లో ఉన్న మేము కూడా టీవీల ముందు నుంచి లేవలేదు. ఆ ప్రమాదానికి కారణం రేడియో కాదు, ఏ చేతి రేడియో దాన్ని ఆపగలిగేది కాదు. నేను దాన్ని తలుచుకునేది ఒక్క సంగతి కోసం. గాల్లోంచి మాట రానంతసేపు నేలమీద మనుషులు వేయి ఊహలు చేస్తారు. "దిగాం, క్షేమం" అనో, "ఫలానా చోట ఉన్నాం" అనో ఒక్క ముక్క ఎంత విలువైనదో ఆ రోజు అందరికీ తెలిసింది.

2021 నవంబరు వానలకు పాలారు పొంగినప్పుడు మా వైపు చాలా చోట్ల కరెంటు పోయింది. పేర్ణాంబట్టులో ఇల్లు కూలి తొమ్మిది మంది పోయారు. అటువంటి రాత్రుల్లో ఊళ్లోవాళ్లు చేసే ఏర్పాటు ఫోనులో రెండు కంపెనీల సిమ్‌లు వేసుకోవటం. ఒకటి పోతే ఇంకొకటి అని. కానీ చాలా ఊళ్లలో రెండు కంపెనీల సామానూ ఒకే టవర్ మీద ఉంటుంది, ఆ టవర్‌కు ఉండేది ఒకే కరెంటు లైను, దాని కింద ఒకే బ్యాటరీల వరుస, ఒకే డీజిల్ జనరేటర్. డీజిల్ తెచ్చే బండికి రోడ్డు లేకపోతే రెండు సిమ్‌లూ కలిసే పోతాయి, విమానం ప్యానెల్‌లోని రెండు రేడియోల మాదిరి. టవర్ ఉమ్మడిగా ఉండటంలో తప్పు లేదు. ఇనుప స్తంభం వాన వల్ల చెడేది కాదు. కరెంటు ఉమ్మడిగా ఉండటమే తప్పు. ఆసుపత్రుల్లో, తాలూకా కార్యాలయాల్లో, ఇన్వర్టర్ ఒకటి కొని ధీమాగా కూర్చునే మన ఇళ్లలో, ఏది ఉమ్మడి, ఏది వేరు అని ఎవరైనా ఒక్కసారి తీగ పట్టుకుని వెనక దాకా పోయి చూడాలి. ముందు నుంచి చూసి లెక్కపెట్టిన రెండు, వెనక దాకా పోతే ఎన్ని మిగులుతాయో చూసుకోవాలి.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో విమాన బ్యాండ్ చేతి రేడియో ఎవరు పడితే వారు కొని వాడే వస్తువు కాదు. దానికి వైర్‌లెస్ లైసెన్సు కావాలి. మాట్లాడే పైలట్ ఆర్‌టీఆర్ అనే రేడియో టెలిఫోనీ పరీక్ష పాసై ఉండాలి. విమానంలో యాంటెన్నా తీగను కదిలించటం కూడా సొంత చేతుల పని కాదు. లైసెన్సు పొందిన నిర్వహణ ఇంజనీరు ఆమోదంతో, రికార్డు పుస్తకంలో రాసి, అప్పుడు చెయ్యాలి. ఈ నియమాలు అడ్డం అని కొందరు యువ పైలట్లు విసుక్కుంటారు. నాకు అవి అడ్డంగా అనిపించవు. ఆకాశంలో ఒక ఫ్రీక్వెన్సీ మీద ఎంతోమంది ప్రాణాలు ఉంటాయి. అదీ ఒక ఉమ్మడి ఆస్తే, దానికీ వంతులు కావాలి. నేను కోరేది వేరు. ఈ జోడు అమర్చటానికి ప్రతి సంస్థా విడివిడిగా కాగితాలు నడపకుండా, శిక్షణకు వాడే ఒక్కో రకం విమానానికి ఒక్క ఆమోదిత నమూనా ఉంటే, రేడియో ధరలో చిన్న భాగానికి పని అయిపోతుంది. విద్యార్థి ఒంటరిగా ఎగిరే మొదటి రోజున అతని తల్లిదండ్రులు అడగగలిగిన అతి న్యాయమైన ఖర్చు అది.

వేలూరు పక్కన అబ్దుల్లాపురంలో బ్రిటిషు కాలం నాటి చిన్న విమానాశ్రయం ఉంది. కొన్నేళ్లు మద్రాసు ఫ్లయింగ్ క్లబ్ విద్యార్థులు అక్కడ దిగటం, లేవటం నేర్చుకున్నారు. ఉడాన్ పథకం కింద చిన్న ప్రయాణికుల విమానాలకోసం దాన్ని తయారుచేసే పనులు చేపట్టారు. అక్కడ మళ్లీ శిక్షణ విమానాలు కూడా దిగాలని నా కోరిక. గుడియాత్తం, ఆంబూరు, నాట్రంపల్లి పిల్లలు పైలట్లు కావటానికి దూరాలకు పోనవసరం లేకుండా ఉండాలి. అట్లా దిగిన రోజున నేను పోయి చూడదలచుకున్నది రెక్కలూ రంగులూ కాదు. ప్యానెల్ కింద, ఎడమ చెయ్యి అందే చోట, ఆ బీఎన్‌సీ జోడు ఉందా లేదా అని. లేకపోతే వేసి ఇవ్వటానికి నా దగ్గర పనిముట్లు ఉన్నాయి. మా మేనల్లుడు ఇప్పటికే ఆర్‌జీ-400 కొసను చెక్కి సూది నొక్కటం నేర్చుకున్నాడు. వాడు వేసిన మొదటి అతుకును నేను గట్టిగా లాగి చూశాను, ఊడలేదు. కొలిచి చూస్తే నష్టం ముల్లులో కనపడనంత తక్కువ. రెండోది వెయ్యమన్నాను.